పసుపెక్కిన మొక్కజొన్నకు జింక్ కాదు, తడుల లెక్క కావాలి

ప్రశ్న: నల్లరేగడిలో రెండెకరాల మొక్కజొన్న వేశాను. పంట వయసు 48 రోజులు. మొదటి నుంచీ నాలుగు రోజులకోసారి ఎకరాకు పది గంటల చొప్పున మోటారు నడుపుతున్నాను. విత్తేటప్పుడు, 28వ రోజున యూరియా వేశాను. కింది ఆకులు కొన నుంచి నడి ఈనె వెంబడి పసుపెక్కుతున్నాయి. డీలర్ జింక్ లోపమన్నాడు. రెండుసార్లు పిచికారీ చేసినా తగ్గలేదు. పూతలో నీరు కడితే పుప్పొడి రాలిపోతుందట, తడి ఆపేసి బోరాన్ కొట్టమంటున్నాడు. పోయిన పంటలో కండెల కొనల్లో గింజ పట్టలేదు. ఏం చేయాలి?

జవాబు: ఇది జింక్ లోపం కాదు. జింక్ తగ్గితే లేత ఆకుల మొదట్లో, ఈనెకు ఇరువైపులా తెల్లటి పట్టీలు వస్తాయి. మీరు చెప్పినవి నత్రజని లోపం లక్షణాలు. యూరియా వేశారు, నీటితో పోగొట్టుకున్నారు. నల్లరేగడి ఊటెత్తితే వేళ్ళకు గాలి అందదు, వేసిన నత్రజనిలో కొంత వాయువుగా మారిపోతుంది.

లెక్క చూడండి. మీ మోటారు 200 లీటర్ల డ్రమ్మును 36 సెకన్లలో నింపుతుందనుకుంటే గంటకు 20 వేల లీటర్లు. పది గంటలకు 2 లక్షల లీటర్లు, అంటే ఎకరా అంతటా 50 మి.మీ. నీరు. మొదటి నెలలో పంట వాడుకునేది రోజుకు 2-3 మి.మీ. మాత్రమే. నాలుగు రోజులకు 12 మి.మీ. చాలినచోట నాలుగింతలు పెట్టారు. మీ డ్రమ్ము ఎంతసేపటికి నిండుతుందో ఈరోజే చూసుకోండి.

నేల పదునుకు వచ్చేదాకా తడి ఆపి, నిలిచిన నీటిని కాలువ తీసి బయటకు పంపండి. కాలు దిగబడని పదును వచ్చాక ఎకరాకు 45 కిలోల యూరియా, మొక్కకు 8-10 సెం.మీ. పక్కన వేసి మట్టి కప్పండి. వేళ్ళు కోలుకునేదాకా ఆసరాగా లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పూట ఒక్కసారి పిచికారీ చేయండి. జింక్, బోరాన్ డబ్బాలు పక్కన పెట్టండి. మట్టి పరీక్ష చేయించకుండా సూక్ష్మపోషకాలు కొట్టడం చీకట్లో రాయి విసరడమే. అమ్మేవాడిని అడిగితే అమ్మకమే సలహా అవుతుంది.

పూతలో తడి ఆపమన్న మాట మాత్రం అస్సలు వినకండి. సాళ్ళలో పారే నీరు పైనున్న జల్లు (మొక్క కొసన వచ్చే మగ పూత) మీది పుప్పొడిని ఎలా రాలుస్తుంది? బెట్టకు గురైతే కండె కొన నుంచి వచ్చే పీచు (పుప్పొడిని అందుకునే పోగులు) ఆలస్యంగా వస్తుంది, ఈలోగా పుప్పొడి అయిపోతుంది. కండె మొదట్లోని గింజల పీచు ముందు వస్తుంది, కొన గింజలది చివర్న. అందుకే బెట్ట దెబ్బ ముందు కొనకే తగులుతుంది. పోయినసారి మీరు పీచు దశలో తడి ఆలస్యం చేసి ఉంటారని నా అనుమానం. జల్లుకు పది రోజుల ముందు నుంచి గింజ పాలు పోసుకునేదాకా పదును తగ్గనివ్వకండి.

ఈ దశలో పంట రోజుకు సుమారు 6 మి.మీ. తాగుతుంది. నల్లరేగడిలో 60 సెం.మీ. లోతున పంటకు అందే నీరు దాదాపు 100 మి.మీ., అందులో సగం ఖర్చవగానే తడి ఇవ్వాలి. అంటే సుమారు 8 రోజులకోసారి 50 మి.మీ. (ఇసుక కలిసిన ఎర్ర నేలైతే 5 రోజులకోసారి 30 మి.మీ.) వాన పడితే ఆ మేరకు తగ్గించండి.

క్యాలెండర్ కంటే గడ్డపారను నమ్మండి. సాళ్ళ మధ్య 30 సెం.మీ. లోతున పిడికెడు మట్టి తీసి నొక్కండి. వేళ్ళ మధ్య రిబ్బన్‌లా సాగితే ఆగండి. ఉండ కట్టి, నొక్కితే పగిలితే తడి పెట్టండి. ఉండే కట్టకపోతే ఆలస్యమైనట్టే. మిట్టమధ్యాహ్నం ఆకులు కొద్దిగా చుట్టుకుంటే కంగారు పడొద్దు. ఉదయం తొమ్మిదికే చుట్టుకుంటే మాత్రం ఆ రోజే నీరు కట్టండి.

గింజ గట్టిపడ్డాక కండె విరిచి చూడండి. గింజలో పాల గీత (గట్టిపడిన పిండికీ పాలకూ మధ్య కనిపించే గీత) సగానికి దిగి ఉండి, నేలలో పదును ఉంటే ఇక తడి అక్కర్లేదు.