అమెరికా ప్రయాణానికి ఎంత పవర్ బ్యాంకు కావాలి?

సందేహం: మాది కావలి. మా అబ్బాయి ఎం.ఎస్. చదువు కోసం ఆగస్టులో చెన్నై నుంచి దుబాయ్ మీదుగా డాలస్ వస్తున్నాడు. దారిలో ఫోను ఆగిపోకుండా ఎంత పెద్ద పవర్ బ్యాంకు కొనివ్వాలి? పెద్దదైతే విమానాశ్రయంలో తీసేసుకుంటారని కొందరు భయపెడుతున్నారు.

సమాధానం: మీ అబ్బాయికి పేరున్న కంపెనీ తయారు చేసిన 10,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) సామర్థ్యం గల పవర్ బ్యాంకు ఒక్కటి సరిపోతుంది. ల్యాప్‌టాప్‌కు కూడా దానితోనే ఛార్జింగ్ పెట్టుకోవాలనుకుంటే 20,000 ఎంఏహెచ్ తీసుకోవచ్చు. అంతకు మించినది కొనవద్దు. నేను కూడా నెల్లూరు జిల్లా నుంచే వచ్చి డాలస్‌లో స్థిరపడినవాణ్ణి. ఏటా చదువుకు వచ్చే మన పిల్లల సంచుల్లో అవసరానికి రెండు మూడు రెట్లు పెద్దవైన, పేరూ ఊరూ లేని పవర్ బ్యాంకులు చూస్తుంటాను కాబట్టి ఈ విషయాన్ని కొంచెం వివరంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

విమానయాన నిబంధనలు లెక్కించేది ఎంఏహెచ్ కాదు, వాట్ అవర్లు, అంటే లోపల నిల్వ ఉండే మొత్తం శక్తి. పెట్టె మీద కనిపించే ఎంఏహెచ్ అంకెను 3.7 తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి, ఎందుకంటే లోపల ఉండే లిథియం సెల్ వోల్టేజీ మామూలుగా 3.7 ఉంటుంది. ఆ ప్రకారం 10,000 ఎంఏహెచ్ అంటే 37 వాట్ అవర్లు, 20,000 అంటే 74, 30,000 అంటే 111. వంద వాట్ అవర్ల లోపు ఉన్నవాటిని కేబిన్ బ్యాగులో తీసుకువెళ్లడానికి ముందస్తు అనుమతి అవసరం లేదు. 100 నుంచి 160 మధ్య ఉన్నవాటికి విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటినవాటిని ప్రయాణికులు తీసుకువెళ్లనే కూడదు. బజారులో 26,800, 27,000 అనే వింత అంకెలతో పవర్ బ్యాంకులు దొరకడానికి కారణం ఇదే. అవి వంద గీతకు ఒక్క అంగుళం ఇవతల ఆగేలా తయారైనవి. నియమం ప్రకారం వాటికి అభ్యంతరం లేకపోయినా, ఒక విద్యార్థి మొదటి ప్రయాణానికి అంత బరువు అవసరం లేదని నా అభిప్రాయం.

నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలులోనైనా, ఆన్‌లైన్‌లోనైనా తక్కువ ధరకు 50,000 ఎంఏహెచ్ ఇస్తామంటే ఒక్క క్షణం ఆగి లెక్క వేయండి. ఆ అంకె నిజమైతే అది 185 వాట్ అవర్లు, ఏ విమానంలోకీ రానివ్వరు. అబద్ధమైతే మీరు మోసపోయినట్టే, పైగా అంకెలోనే అబద్ధం చెప్పినవాడు లోపల ఎలాంటి సెల్ పెట్టి ఉంటాడో ఊహించుకోవచ్చు. ఏ విధంగా చూసినా అది మీ అబ్బాయి సంచిలోకి వెళ్లవలసిన వస్తువు కాదు.

పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో అయిదు వేల ఎంఏహెచ్ ఫోను రెండుసార్లు పూర్తిగా నిండుతుందని చాలామంది అనుకుంటారు. సెల్ వోల్టేజీని ఫోనుకు కావలసిన అయిదు వోల్టులకో, తొమ్మిది వోల్టులకో పెంచేటప్పుడు కొంత శక్తి వేడి రూపంలో పోతుంది, అందువల్ల ఆచరణలో ఒకటిన్నర సార్లు నిండితే మంచి పవర్ బ్యాంకు అనే చెప్పాలి. నిజాయతీగల కంపెనీలు వెనకవైపు చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ (అయిదు వోల్టుల దగ్గర నిజంగా బయటికిచ్చే సామర్థ్యం) అని మరో అంకె కూడా వేస్తాయి, 10,000 వాటికి అది ఇంచుమించు 6,000 దరిదాపుల్లో ఉంటుంది. కొనేటప్పుడు పోల్చి చూడవలసిన అంకె అదే.

ఒకటిన్నర సార్లు చాలునా అంటే, ప్రయాణాన్ని మొదటి నుంచి చూద్దాం. కావలి నుంచి చెన్నై విమానాశ్రయానికి సుమారు 230 కిలోమీటర్లు. ఆ దారి పొడవునా కారులోనే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. చెన్నై నుంచి దుబాయ్ దాదాపు నాలుగు గంటలు, అక్కడి నుంచి డాలస్ పదహారు గంటలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. దూర ప్రయాణపు విమానాల్లో ఎక్కువ వాటికి సీటు దగ్గరే యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది. కాబట్టి పవర్ బ్యాంకు నిజంగా ఆదుకోవలసిన సమయం రెండే చోట్ల వస్తుంది: దుబాయ్‌లో వేచి ఉండే గంటలు, డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరుస నుంచి గది చేరేదాకా పట్టే గంటలు. ఈ రెండో సమయం ముఖ్యమైనది. తీసుకువెళ్లడానికి వచ్చే స్నేహితుడి నంబరు, దిగవలసిన ఇంటి చిరునామా, యూనివర్సిటీ ఉత్తరాలు అన్నీ ఫోనులోనే ఉంటాయి. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం), చిరునామా, రెండు ఫోను నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి. పవర్ బ్యాంకు ఉంది కదా అని ఆ కాగితాలు మానేయవద్దు.

ఇక విమానంలో నియమాల సంగతి. పవర్ బ్యాంకును చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టడం ఎక్కడా కుదరదు. లిథియం సెల్ లోపల పొర దెబ్బతింటే అది తనంతట తానే వేడెక్కి, ఆ వేడి పక్క సెల్‌ను కూడా అంటించగలదు. కేబిన్‌లో అయితే సిబ్బంది వెంటనే గుర్తించి నీళ్లు పోసి చల్లార్చగలరు, కింద సామాను గదిలో అది జరిగితే ఎవరూ చేరుకోలేరు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న ఎయిర్ బూసాన్ విమానం మంటల్లో కాలిపోయింది, పై అరలో ఉన్న పవర్ బ్యాంకే కారణమై ఉండవచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. ప్రయాణికులందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తరువాత కొరియా ప్రభుత్వం మార్చి 1 నుంచి పవర్ బ్యాంకులను పై అరల్లో పెట్టడాన్ని నిషేధించింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ 1 నుంచి విమానంలో వాటితో ఫోను ఛార్జ్ చేయడాన్ని ఆపేసింది.

మీ అబ్బాయి దుబాయ్ మీదుగా వస్తున్నాడు కాబట్టి ఎమిరేట్స్ నియమం ప్రత్యేకంగా చెబుతాను. 2025 అక్టోబరు 1 నుంచి ఆ సంస్థ విమానాల్లో ఒక్కో ప్రయాణికుడు వంద వాట్ అవర్ల లోపు పవర్ బ్యాంకు ఒక్కటే తీసుకువెళ్లాలి. విమానంలో దానితో ఏదీ ఛార్జ్ చేయకూడదు, దానికీ ఛార్జింగ్ పెట్టకూడదు. పై అరలో కాకుండా ముందు సీటు జేబులోనో, సీటు కిందనో ఉంచాలి. సామర్థ్యం దాని మీద స్పష్టంగా ముద్రించి ఉండాలి. ఈ నియమాలు తరచూ మారుతున్నాయి కనుక ఏ సంస్థ టికెట్ అయినా బయలుదేరే వారం ఆ సంస్థ పేజీ ఒకసారి చదవండి.

ముద్రించిన అక్షరాల విషయం చిన్నదిగా కనిపిస్తుంది గాని, భద్రతా తనిఖీలో పవర్ బ్యాంకు పోగొట్టుకునేవారు తరచూ దీనివల్లే పోగొట్టుకుంటారు. చౌక రకాల మీద అక్షరాలు కొద్ది నెలల్లో చెరిగిపోతాయి, వాట్ అవర్లు చదవలేకపోతే అధికారి దాన్ని పక్కన పెట్టేస్తాడు. అక్షరాలు లోతుగా ముద్రించినది చూసి కొనండి, వాటి మీద దేవుడి స్టిక్కరో, పేరు చీటీయో అంటించవద్దు. మన దేశంలో అమ్మే పవర్ బ్యాంకుల మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో అంగట్లోనే తేలిపోతుంది. బిల్లు తప్పకుండా దాచండి. పేరున్న కంపెనీలకు కూడా లోపాలు వస్తాయి: 2025 జూన్‌లో యాంకర్ సంస్థ తన పవర్‌కోర్ 10000 రకంలో ఏ1263 మోడల్‌ను అమెరికాలో 11 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. లోపం బయటపడగానే పిలిచి మార్చి ఇవ్వడానికి ఒక కంపెనీ అంటూ ఉండడమే పేరున్న సరుకుకు మనం ఇచ్చే ఎక్కువ ధరకు అర్థం.

రంధ్రాల్లో ఒకటైనా టైప్-సి ఉండి, అది పవర్ డెలివరీకి (ఎక్కువ వాట్లతో త్వరగా ఛార్జ్ చేసే పద్ధతికి) పనిచేసేదై ఉండాలి. ఫోనుకు 20 వాట్లు చాలు. ల్యాప్‌టాప్‌కు సాధారణంగా 45 నుంచి 65 వాట్లు కావాలి, అది కూడా టైప్-సి తో ఛార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ అయితేనే. 20,000 ది దాన్ని సుమారు ఒక్కసారి నింపుతుంది. గోడకు పెట్టే ఛార్జర్ మీద 100–240 వోల్టులు అని ఉంటే అమెరికాలోని 120 వోల్టులకు సరిపోతుంది, పిన్ను ఆకారం మాత్రమే వేరు కాబట్టి చిన్న అడాప్టర్ ఒకటి చేతి సంచిలో పెట్టండి.

ప్రయాణం రోజు సామాను సర్దే హడావిడిలో పచ్చళ్లు, పొడులు, మలైకాజా డబ్బాల మధ్య పవర్ బ్యాంకు సూట్‌కేసులోకి జారిపోకుండా ఇంట్లో ఒకరు ఆ పని మీదే కన్నేసి ఉండాలి. తాళాలు, చిల్లర తగిలి షార్ట్ కాకుండా దాన్ని విడిగా గుడ్డ సంచిలో పెట్టాలి. డాలస్ నుంచి మరో ఊరికి చిన్న విమానంలో వెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పైన చోటు లేదని గేటు దగ్గరే కేబిన్ బ్యాగు తీసుకుని కిందకు పంపిస్తుంటారు, అప్పుడు బ్యాగు చేతికిచ్చే ముందే పవర్ బ్యాంకును బయటకు తీసి జేబులో వేసుకోవాలి. వరుసలో వెనుక ఉన్నవాళ్లు తొందర చేసినా ఇది మానకూడదు.

ఉబ్బినది, కింద పడి సొట్ట పోయినది, మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతున్నది ఎంత కొత్తదైనా విమానం ఎక్కించవద్దు. విమానంలో అది వేడెక్కినా, వాసన వచ్చినా దాచిపెట్టకుండా వెంటనే సిబ్బందిని పిలవాలని మీ అబ్బాయికి ముందే చెప్పండి, అందుకు అతన్ని ఎవరూ తప్పుపట్టరు. ఇక్కడికి వచ్చాక వేసవిలో కారులో వదిలేయకూడదు, డాలస్ ఎండకు మూసిన కారు లోపలి వేడి మన రోహిణి కార్తెను మించిపోతుంది. షికాగో వంటి చలి ఊళ్లకు వెళ్లేవారు గడ్డకట్టే చలిలో దానికి ఛార్జింగ్ పెట్టకుండా గది వేడికి వచ్చేదాకా ఆగాలి.

రేపు పట్టా పుచ్చుకునే రోజు మీరిద్దరూ ఇక్కడికి వచ్చినప్పుడు కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి, అయితే పెద్దవాళ్లకు కేబులు దానికే అతికి ఉన్నది, మిగిలిన శాతం అంకెల్లో చూపించేది కొంటే సులువు. ఒకరి దగ్గర ఒకటి ఉంటే చాలు. దాన్ని పై అరలో పెట్టే పెట్టెలో కాకుండా, పాస్‌పోర్టులు, మందులు పెట్టుకునే చిన్న చేతి సంచిలోనే ఉంచుకోండి.