పాఠకుల ప్రశ్నలు: చివరి రంగం తీసేయమంటున్నారు, తీసేయాలా?

ప్రశ్న: మా పూర్వవిద్యార్థుల బృందం చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన ‘తెల్ల వ్యాధి’ నాటకాన్ని తెలుగు చేసి పరిషత్తు పోటీకి సిద్ధం చేస్తున్నది. ప్రతి చదివిన నిర్వాహకులొకరు యుద్ధం కోరే పాలకుడి పాత్రను మెత్తబరచాలనీ, చివర జనం డాక్టరును చంపే ఘట్టం తీసేయాలనీ అడిగారు. ఈ నాటకానికి విదేశాల్లోనూ ఇలాంటి ఒత్తిడి ఎదురైందా? మమ్మల్ని ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఎదురైందమ్మా. 1937 జనవరి 29న ప్రాగ్‌లో ఈ నాటకం తొలిసారి ఆడేనాటికి పొరుగున జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కి నాలుగేళ్లు కావస్తోంది. కథ జరిగే దేశానికి చాపెక్ పేరు పెట్టలేదు. పాలకుణ్ణి కూడా అందరూ మార్షల్ అనే పిలుస్తారు. ఆయుధాల కర్మాగారం యజమానికి మాత్రం బారన్ క్రూగ్ అని పేరుంది. అది జర్మన్ పేరులా ధ్వనిస్తోందని జర్మన్ దౌత్యవర్గం అభ్యంతరపెట్టింది. అదే ఏడాది ఈ నాటకం ఆధారంగా హ్యూగో హాస్ తీసిన చిత్రంలో ఆ పాత్ర పేరు క్రోగ్ అయింది. ఒక్క అక్షరమే కదా అనిపిస్తుంది గానీ, పక్క దేశం రాయబారి నొచ్చుకుంటే ఒక స్వతంత్ర దేశపు కళాకారులు పేరు మార్చుకోవలసి రావడం నాకు చిన్న విషయంగా తోచదు.

1938లో లండన్‌లోని సవాయ్ థియేటర్‌లో దీన్ని వేరే పేరుతో ప్రదర్శించారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో కొత్త నాటకం ఏదైనా తెర లేవకముందే రాజదర్బారులోని లార్డ్ చాంబర్లెయిన్ కార్యాలయానికి ప్రతి పంపి అనుమతి తెచ్చుకోవాలి. 1737 నాటి చట్టంతో స్థిరపడిన ఈ పద్ధతి 1968 దాకా సాగింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సంవత్సరాల్లో ఆ కార్యాలయం, పరాయి దేశపు అధినేతను నొప్పించకూడదనే కారణం చూపి, హిట్లర్‌నూ నాజీలనూ నేరుగా ప్రస్తావించిన నాటకాల్లో మాటలు కొట్టివేయించేది, కొన్నింటికి అనుమతే నిరాకరించేది. చాపెక్ దేశానికి పేరు పెట్టకపోవడం వల్లనే ఆయన నాటకం ఆ గుమ్మం దాటడం తేలికైందని నా అభిప్రాయం.

ఇక మీ చివరి రంగం. బాల్కనీ మీద నిలబడి యుద్ధ ప్రసంగం చేస్తున్న మార్షల్ ఆవేశంగా రొమ్ము చరుచుకుంటాడు. ఆ చోట స్పర్శ తెలియదు. ఒంటి మీద స్పర్శ పోవడమే దేశాన్ని పీడిస్తున్న ఆ ‘తెల్ల వ్యాధి’ గుర్తు. వ్యాధి తనకూ సోకిందని అప్పుడే గ్రహిస్తాడు. మందు తెలిసినవాడు డాక్టర్ గాలెన్ ఒక్కడే. పాలకులు శాంతికి ఒప్పుకుంటే తప్ప గొప్పవాళ్లకు వైద్యం చేయనని, అప్పటిదాకా బీదలకే మందు ఇస్తానని పట్టుబట్టినవాడు. కూతురు బతిమాలగా మార్షల్ చివరికి దిగివచ్చి శాంతికి ఒప్పుకుంటాడు. గాలెన్ సంచి పట్టుకుని బయలుదేరుతాడు. దారిలో యుద్ధం కావాలని కేకలు వేస్తున్న గుంపుకు ఎదురై, యుద్ధం వద్దంటాడు. వాళ్లు అతన్ని కొట్టి చంపి, సంచిలోని మందు సీసాలను కాళ్ల కింద తొక్కేస్తారు.

ఈ ఘట్టం తీసేస్తే మిగిలేది ఒక చెడ్డ పాలకుడు మనసు మార్చుకున్న కథ. దానికి ఎవరూ భయపడరు, ఎవరూ అభ్యంతరమూ చెప్పరు. పాలకుడు మారాక కూడా, అతడు రెచ్చగొట్టిన జనం మారలేదన్నదే చాపెక్ చెప్పదలచిన మాట. అందుకని మీరు మన చెవికి పట్టేలా సంభాషణలు మార్చండి, నిడివి మించితే మొదటి అంకంలో వైద్యశాల సన్నివేశాలు కుదించండి. చివరి రంగం జోలికి మాత్రం పోవద్దని నా గట్టి మనవి. ఒప్పుకోకపోతే ఆ పరిషత్తు వదులుకుని ఇంకో వేదిక చూసుకోవడమే మేలు.

మన ప్రాంతానికీ ఇది కొత్త కాదు. నాటకాలను నిషేధించే అధికారం ప్రభుత్వానికిచ్చిన 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టాన్ని బ్రిటిష్ వాళ్లు చేశారు; ప్రజానాట్యమండలి ఊరూరా ఆడిన ‘మా భూమి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నాటకాన్ని ఆడినవాళ్లూ చూసినవాళ్లూ కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో ఎందరో ఉండేవారు.

ప్రశ్న: చెక్ నాటకాలను సొంత దేశంలో ఆపినా బయటి దేశాల్లో ఆడారు కదా, మరి నిషేధం వల్ల ఒరిగిందేమిటి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రచయితకు తన ప్రేక్షకులు దూరమయ్యారు. కమ్యూనిస్టు పాలనలో చెక్ నాటక రచయిత వాత్స్లావ్ హావెల్ 1975లో రాసిన ‘ఆడియెన్స్’ అనే ఏకాంకిక దీనికి మంచి ఉదాహరణ. రచనలు నిషేధానికి గురై బీరు ఫ్యాక్టరీలో పీపాలు దొర్లిస్తున్న రచయితను అక్కడి పెద్ద పిలిచి, గ్లాసు మీద గ్లాసు పోస్తూ, తేలికైన పని ఇప్పిస్తాననీ, బదులుగా పోలీసులకు తాను పంపవలసిన నివేదికలను, అంటే ఆ రచయిత మీద నివేదికలనే, ఆయనే రాసిపెట్టాలనీ అడుగుతాడు. హావెల్ నిజంగానే ఒక బీరు ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1976 అక్టోబరులో వియన్నాలోని బుర్గ్‌థియేటర్ దీన్ని ప్రదర్శించింది. చూడటానికి వెళ్లేందుకు హావెల్‌ను ప్రభుత్వం అనుమతించలేదు. సొంత దేశంలో జనానికి అది చేరింది చేతులు మారిన టైపు ప్రతుల ద్వారా, రచయిత పాత్రను స్వయంగా హావెలే చదివిన రికార్డింగు ద్వారా.