2147483647కి కంప్యూటర్ లిమిట్ కావడం తప్ప వేరే ప్రత్యేకత ఏమైనా ఉందా?

ఉంది. నన్నడిగితే లిమిట్ కావడం దాని ప్రత్యేకతల్లో చాలా చిన్నది. అది ప్రధాన సంఖ్య.

నేను డేటాబేస్‌ల మీద పనిచేస్తాను. ఒకసారి అర్ధరాత్రి దాటాక ఫోన్ వచ్చింది, కొత్త రికార్డులేవీ సేవ్ కావడం లేదని. లాగ్ తెరిస్తే వరసగా ఒకటే ఎర్రర్: డూప్లికేట్ ఎంట్రీ 2147483647. ఎవరో ఎప్పుడో ప్రతి రికార్డుకూ వరస నంబరిచ్చే ఐడీ కాలమ్‌ని 32 బిట్లతో పెట్టారు, అందులో పట్టే అతిపెద్ద సంఖ్య ఇదే, అది నిండిపోయింది. పెద్ద టేబుల్ కావడంతో 64 బిట్లకు మార్చడానికి గంటలు పట్టింది. కాల్‌లో అందరూ టెన్షన్‌లో ఉన్నారు. ఆ ఎదురుచూపులో నేను ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి ఆ సంఖ్యకు కారణాంకాలు వెతికించాను. ఒక్కటీ రాలేదు. ఆ మాట చెబితే "ఏదో ఒక లిమిట్ లెండి" అన్నారొకరు. నాకు బాధ కలిగించేది ఆ మాటే.

ఎందుకంటే అన్ని లిమిట్లూ ఇలా ఉండవు. 32 బిట్లలో ఒకటి ప్లస్, మైనస్ గుర్తుకు పోతుంది, మిగిలేవి 31; 2 ఘాతం 31లోంచి ఒకటి తీసేస్తే ఇది వస్తుంది. 16 బిట్ల లిమిట్ 32767ని చూడండి, అది 7 × 31 × 151. 64 బిట్లదైతే 7తోనే పోతుంది, ఎందుకంటే అక్కడి ఘాతం 63ని 3 భాగిస్తుంది, 7 అంటే 2 ఘాతం 3 మైనస్ 1. ఘాతం ప్రధాన సంఖ్య కాకపోతే ఫలితమూ కాదు. అయితే ఘాతం ఒక్కటే ప్రధాన సంఖ్య అయితే చాలదు: 2 ఘాతం 11 మైనస్ 1 అంటే 2047, అది 23 × 89.

మన సంఖ్య ప్రధాన సంఖ్యేనని 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ తేల్చాడు, అప్పటికే ఆయనకు చూపు దాదాపు పోయింది. దీని వర్గమూలం 46340 దాటుతుంది. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలంటే ఎవరికైనా ఓపిక చాలదు. కానీ దీనికి భాజకమంటూ ఉంటే దాన్ని 62తో భాగించినప్పుడు శేషం 1 రావాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 లేదా 63 మిగిలే ప్రధాన సంఖ్యలను చూస్తే సరిపోతుంది. వాటిలో మొదటిది 311. అంతకు ముందున్నవన్నీ ముట్టుకోకుండానే పోయాయి!

స్కూళ్లలో వంద లోపు ప్రధాన సంఖ్యల పట్టిక బట్టీ పట్టించి వదిలేస్తారు. ఏవి భాజకాలు కాలేవో ముందే తేల్చేయడమే ఇందులో అసలు అందం, దాన్ని పిల్లలకు చూపించరు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ 248 లెక్క తప్పకుండా అర్థమవుతుంది.

ఇక ఉపయోగమంటారా, యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే ఒక పాత పద్ధతి దీనిమీదే నిలబడింది. ఒక సంఖ్యతో మొదలుపెట్టి ప్రతిసారీ 16807తో గుణించి, 2147483647తో భాగించి, శేషం ఉంచుకోవాలి. 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కొక్కసారి వచ్చాకే మొదటిది మళ్లీ వస్తుంది. భాజకాలున్న సంఖ్యను ఆ చోట పెడితే, ఏ గుణకం తీసుకున్నా మధ్యలో కొన్ని సంఖ్యలు ఎప్పటికీ రావు.