తెలిసినదానికి సబ్‌జంక్టివ్ ఎందుకు?

ప్రశ్న: లాటిన్ నేర్చుకుంటున్నాను. 'ఏం చేస్తున్నావు?' అంటే 'క్విద్ అగిస్?'. 'నువ్వేం చేస్తున్నావో నాకు తెలుసు' అనాలంటే మాత్రం 'స్కియో క్విద్ అగాస్' అట. ఈ 'అగాస్' సబ్‌జంక్టివ్ అనే క్రియారూపమట, దాన్ని సందేహం ఉన్నచోట వాడతారని చదివాను. తెలుసు అంటున్నప్పుడు సందేహమెక్కడిది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సందేహం లేదమ్మా. సెమినరీలో నా దగ్గర చదివిన కుర్రాళ్లందరూ ఇక్కడే టెన్షన్ పడేవారు. వాళ్లకు మీ వాక్యమే చూపించేవాణ్ని. 'చేస్తున్నావు' చివర 'ఓ' ఎందుకు చేరింది? తెలిసినా తెలియకపోయినా అది ఉండాల్సిందే. ప్రశ్న ఇంకో వాక్యంలోకి చేరిందని చెప్పడమే దాని పని. లాటిన్‌లో ఆ పని సబ్‌జంక్టివ్ చేస్తుంది.

క్రీ.పూ. 63లో రోమ్ సెనేట్‌లో వక్త సిసెరో, కుట్ర పన్నిన కాటిలీనాను నిలదీసిన తీరు చూడండి: రాత్రి ఏం చేశావో (ఏగెరిస్), ఎక్కడున్నావో (ఫుఎరిస్), ఎవరెవర్ని పిలిపించావో (కోన్వొకావెరిస్), ఏం పన్నావో (కేపెరిస్) మాలో ఎవరికి తెలియదనుకుంటున్నావు? అన్నీ తెలిసే అడుగుతున్నాడు. అయినా నాలుగూ సబ్‌జంక్టివే.

మనకు లేని తలనొప్పి కాలానిది. 'అనుకుంటున్నావు' వర్తమానం కాబట్టి జరిగిపోయినదానికి ఏగెరిస్ సరిపోయింది. అదే 'ఏం చేశావో నాకు అప్పుడే తెలుసు' అంటే 'స్కియేబామ్ క్విద్ ఏగిస్సేస్' అవుతుంది. మనకు రెండు చోట్లా 'చేశావో' చాలు. ఈ భాగం బట్టీ పట్టాల్సిందే, దగ్గరదారి లేదు.

'ఓ' కనబడిన చోటల్లా సబ్‌జంక్టివ్ పెట్టేయకండి. 'ఎవరు ముందొస్తారో వాళ్లకే సీటు' అన్నదాంట్లో ప్రశ్న లేదు. అలాగే 'నువ్వు చెప్పేది నాకు తెలుసు' అంటే 'స్కియో క్వోద్ దీకిస్', ఇండికేటివ్ అనే మామూలు క్రియారూపం. 'నువ్వేం చెబుతున్నావో తెలుసు' అంటేనే 'క్విద్ దీకాస్'. ఇంగ్లీషులో రెంటికీ 'what' అన్న ఒకే మాట సరిపోతుంది కాబట్టి ఇంగ్లీషు గుండా లాటిన్ నేర్చుకునేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. మీరు తెలుగులో ఆలోచించండి.

ప్రశ్న మొదట్లో వచ్చే 'నుమ్' అనే మాట సంగతి కూడా చెప్పేస్తాను. సూటి ప్రశ్నలో 'నుమ్ వేనిత్?' అంటే 'వచ్చాడా ఏంటి, రాలేదుగా?' అన్న ధ్వని ఉంటుంది. 'క్వైరో నుమ్ వేనెరిత్'లో ఆ ధ్వని పోయి, 'వచ్చాడో లేదో అడుగుతున్నాను' అన్నంతే మిగులుతుంది.

ప్లౌటుస్ నాటకాల్లో ఇలాంటిచోట్ల ఇండికేటివ్ కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. ఆయన సిసెరో ప్రసంగానికి నూరేళ్లకు పైగా ముందువాడు, అప్పటికి ఈ నియమం ఇంత గట్టిపడలేదు.