జన్యువులను ఆపేసినా చేప అండం ఎలా పక్వమవుతుంది?

జన్యు లేఖనాన్ని, అంటే డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవడాన్ని, ఆక్టినోమైసిన్ అనే మందుతో ఆపేసినా, పక్వం చేసే స్టెరాయిడ్ హార్మోన్ తగలగానే జీబ్రాఫిష్ అండాలు పక్వమయ్యాయని, ప్రయోగం పాడైందేమోనని మీరు రాశారు. పాడవలేదు, టెన్షన్ పడకండి. రావాల్సిన ఫలితమే వచ్చింది.

స్టెరాయిడ్ అంటే కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను కదిలిస్తుందనే చదువుకుంటాం. ఇక్కడ మాత్రం పని కణం పొర దగ్గరే మొదలవుతుంది. గోల్డ్‌ఫిష్ అండంలోకి ఈ హార్మోన్‌ను సూదితో ఎక్కిస్తే ఫలితం లేదు, బయటి ద్రవంలో కలిపితే పనిచేసింది! హార్మోన్‌ను అందుకునే ఆ పొర గ్రాహకాన్ని (ఒక ప్రోటీన్) 2003లో స్పాటెడ్ సీట్రౌట్ అనే చేపలో గుర్తించారు. హార్మోన్ తగలగానే ఆ గ్రాహకం, పొర దగ్గర సంకేతాన్ని లోపలికి చేరవేసే జి-ప్రోటీన్ ద్వారా, కణం లోపలి సంకేత అణువైన సైక్లిక్ ఏఎంపీని తగ్గిస్తుంది. అండాన్ని ఆపి ఉంచిన బ్రేక్ ఈ సైక్లిక్ ఏఎంపీయే. ఆ బ్రేక్ వదలగానే, ముందే దాచుకున్న ఎంఆర్‌ఎన్‌ఏలతో (ప్రోటీన్ తయారీకి వాడే జన్యు నకళ్లతో) కావలసిన ప్రోటీన్లు తయారై కేంద్రకం పొర కరిగిపోతుంది. మసకగా ఉన్న అండం మైక్రోస్కోప్ కింద గాజుపూసలా తేటపడటం మీరూ చూసే ఉంటారు.

ఈసారి ఒక డిష్‌లో సైక్లోహెక్సిమైడ్, ఇంకోదాంట్లో ఫోర్స్కోలిన్ వేసి చూడండి. మొదటిది ప్రోటీన్ తయారీని ఆపుతుంది, రెండోది సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. రెండింట్లోనూ పక్వత ఆగాలి.

అండం విడుదలను మాత్రం దీనితో కలపకండి. దానికి కేంద్రక గ్రాహకం కావాల్సిందే. అది లేని జీబ్రాఫిష్‌లో అండాలు పక్వమైనా బయటికి రావు.