తెల్ల చొక్కా చాలదండి

రొయ్యల చెరువు మీద డ్యూటీ దిగి రాత్రి పదింటికి కాలవ గట్టు మీదుగా సైకిలు మీద ఇంటికొస్తానన్నారు. తెల్ల చొక్కా వేసుకుని, హ్యాండిల్‌కి సెల్‌ఫోను లైటు కట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. ఆ లైటు మీకు దారి చూపిస్తుంది గానీ, వెనకొచ్చే వ్యానుకి మిమ్మల్ని చూపించదు.

నేను అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్లో ఆరేళ్లు గుమస్తాగా చేశాను. రోజూ చీకటి పడ్డాకే ఇంటికి. ఓ రాత్రి గేదెకి గడ్డిమోపు వెనక కట్టుకుని వస్తుంటే ఓ వ్యాను అద్దం మోపుకి తగిలింది, నేను వెళ్లి గట్టు వారన తుప్పల్లో పడ్డాను. డ్రైవరు దిగి, "గడ్డేదో రోడ్డు మీద పడుందనుకున్నానండి, మనిషున్నాడనుకోలేదు" అన్నాడు. అతన్నేం అంటాం? మడ్‌గార్డు మీది ఎర్రబిళ్లని మోపు పూర్తిగా కప్పేసింది.

అందుకే ముందుగా, సైకిలు వెనక పెట్టే ఎర్రలైటు కొనండి, బ్యాటరీది. సీటు కింద వద్దు, సామాను కడితే మూసుకుపోతుంది. వెనక చక్రం ఇరుసు దగ్గర కడ్డీకి, కుడివైపు బిగించండి. నిలకడగా వెలిగేలా పెట్టుకోండి. ఆరుతూ వెలిగేది తొందరగా కంటబడుతుంది గానీ, ఎంత దూరంలో ఉన్నారో డ్రైవరుకి అందదు. అరవైలో వచ్చే బండి సెకనుకి 16 మీటర్లు పైగా దాటేస్తుంది మరి. మా నాన్నగారి సైకిలుకి డైనమో ఉండేది. చక్రం ఆగితే లైటూ ఆగేది, రోడ్డు దాటడానికి నిలబడ్డప్పుడే చీకటి!

రేడియం స్టిక్కరు మంచిదే, చవక కూడా. కానీ దానికి సొంత వెలుగు లేదు, పడ్డ వెలుగుని వచ్చిన వైపే తిప్పి పంపుతుంది. కాలవ మలుపులో హెడ్‌లైటు కొబ్బరిచెట్ల మీదకి పోతే అది వెలగనే వెలగదు. దాన్ని పెడళ్లకీ చీలమండలకీ పెట్టండి. పైకీ కిందకీ ఆడుతుంటే ఎవరో తొక్కుతున్నారని దూరాన్నుంచే తెలిసిపోతుంది. మెరిసే పచ్చ జాకెట్టు రంగు పగటికే, రాత్రి పనిచేసేది దాని మీది వెండి రంగు పట్టీలు. వానాకాలంలో బురద పడుతుంది, బయల్దేరే ముందు తుడవాలి.

కోతలప్పుడు ఇంకో తంటా. రోడ్డు సగం ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. తప్పుకోడానికి మధ్యకి రావలసిందే. అప్పుడు మాత్రం ఎన్ని లైట్లున్నా వెనక్కి చూడకుండా రావద్దు.

అన్నీ కట్టాక మీ ఇంట్లో ఎవరిచేతైనా సైకిలు తొక్కించి, మీరు బండి హెడ్‌లైటు వేసుకుని వెనకాలే వెళ్లి చూడండి. మావాడికి నా లుంగీ కట్టించి అలా చూశాకే నాకు తెలిసింది, చీలమండల మీది రేడియం పట్టీలు రెంటినీ లుంగీ అంచు కప్పేస్తోందని.