ఒంటికన్ను జాకీలు రెండే

రాయగడ మిత్రులకు నమస్కారం. దీపావళి పేకాటలో “వన్ ఐడ్ జాక్స్” జోకర్లని ముందే ఒప్పుకున్నాక, మీ బావగారు డైమను రాజును జోకరుగా చూపడం చెల్లదు. ఆ పేరు, ముఖం పూర్తిగా పక్కకు తిరిగి ఒక్క కన్నే కనిపించే ఇస్పేటు, ఆఠీను జాకీలకే చెందుతుంది. డైమను రాజుకూ ఒక్క కన్నే కనిపిస్తుంది, నిజమే. కానీ అతడు రాజు, పైగా కత్తికి బదులు గొడ్డలి పట్టినందువల్ల అతనికి “మ్యాన్ విత్ ది యాక్స్” అనే వేరే పేరుంది. తలలోకి కత్తి దించుకున్నట్టు కనిపించే ఆఠీను రాజు “సూయిసైడ్ కింగ్”.

పోకర్ ఆటలో చేతికొచ్చే ముక్కల ముద్దుపేర్లు కూడా మీరడిగారు. వాటిలో, “కౌబాయ్స్” రెండు రాజులు, “ఫిష్‌హుక్స్” రెండు జాకీలు. “డెడ్ మ్యాన్స్ హ్యాండ్” అంటే ఆసుల జత, ఎనిమిదుల జత. 1876 ఆగస్టు 2న అమెరికాలోని డెడ్‌వుడ్‌లో పేకాడుతుండగా హత్యకు గురైన తుపాకీవీరుడు వైల్డ్ బిల్ హికాక్ చేతిలో అవే ఉన్నాయని చెప్పుకుంటారు. నాకు బాగా నచ్చినది “డాయిల్ బ్రన్సన్”, అంటే పది, రెండు ముక్కలు: ఆ పేరుగల పోకర్ ఆటగాడు 1976లోనూ 1977లోనూ ఆఖరి ఆటలో ఆ ముక్కలతోనే ప్రపంచ పోకర్ టైటిల్ గెలిచారు.

కొన్ని పేకల్లో బొమ్మలు వేరుగా ఉంటాయి కనుక, పంచే ముందే జాకీలను అందరికీ చూపించండి.